నూనె చుక్కకు ఆగుతాం, నెత్తురు చుక్కకు ఆగమా?

విశాఖపట్నంలో గాజువాక ప్రక్కనే వున్న ఆటోనగర్ మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఈసారి మీ నాన్నగారితోనో, మామయ్యతోనో వెళ్ళి, ఏదైనా ఒక షెడ్డు ముందు పావుగంట నిలబడండి. మంచి తమాషా కనబడుతుంది.

లారీ ఒకటి వచ్చి ఆగుతుంది. డ్రైవరు దిగి, "బండి బాగానే వుంది గురూ, హారను మోగడం లేదు. అది చూస్తే చాలు" అంటాడు. మేస్త్రీ హారను సంగతి వినిపించుకోడు. వంగి బండి కిందకి చూస్తాడు. నేలమీద నల్లగా ఒక చుక్క! దాన్ని వేలితో తాకి, రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసి, "ఆయిల్ సీలు పోతోంది. ఈవేళ చుక్కే. అశ్రద్ధ చేశావంటే రేపు ఇంజనే" అంటాడు. హారను తరవాత. ముందు సీలు.

అదే మేస్త్రీ ఆ ఉదయం పళ్ళు తోముకున్నప్పుడు ఏం జరిగిందో ఊహించండి. నురగ ఎర్రగా వచ్చింది. ఉమ్మేశాడు. పుక్కిలించాడు. పనిలోకి వచ్చేశాడు. నేలమీది నూనె చుక్క అతన్ని ఆపింది గాని, నోట్లోని నెత్తురు చుక్క ఆపలేదు.

మేస్త్రీని చూసి నవ్వకండి. మీరూ, నేనూ చేస్తున్నది అదే. పైగా మనం ఇంకో తెలివైన పని కూడా చేస్తాం. నెత్తురు వచ్చిందంటే తప్పు బ్రష్షుదే అనుకుంటాం. "ఆ ప్రక్క తోమకు, చిగుళ్ళు నొప్పెడతాయి" అని ఇంట్లో పెద్దవాళ్ళు కూడా అంటారు. సరిగ్గా ఎక్కడ శుభ్రం చేయాలో అక్కడే మానేస్తాం.

ఇది పెద్ద పొరపాటని నా వాదన. చిగుళ్ళలో నెత్తురు కనబడితే తోమడం మానకూడదు, ఇంకా శ్రద్ధగా తోమాలి. పుక్కిలింతలూ, మందులూ ఈ పని చేయలేవు. ఎందుకంటే మనకు శత్రువైన సూక్ష్మజీవి బలమంతా దాని విషంలో లేదు. అంటుకోవడంలో వుంది. నా మాట ఊరికే నమ్మనక్కరలేదు. ఆ సూక్ష్మజీవి ఏం చేస్తుందో చూసి మీరే తేల్చుకోండి.

మన ఒంట్లో ఆయిల్ సీలు

మన ఒళ్ళంతటినీ చర్మం గోడలా కప్పి వుంచుతుంది. నోటి లోపల కూడా మెత్తటి చర్మం వంటి పొర వుంది. గోళ్ళూ వెంట్రుకలూ ఈ గోడను చీల్చుకు వస్తున్నట్టు కనబడినా, నిజానికి అవి ఆ గోడలోనే పుట్టిన భాగాలు. పన్ను సంగతి వేరు. దాని వేరు దవడ ఎముకలో వుంది, తల నోట్లో వుంది. అంటే గోడకు చిల్లుపడి, అందులోంచి ఒక గట్టి వస్తువు బయటకు వచ్చిందన్నమాట.

ఇంజనులో కూడా ఇలాంటి చోటు వుంది. లోపల తిరిగే షాఫ్టు బయటకు వచ్చేచోట నూనె కారకుండా, దుమ్ము లోపలికి పోకుండా చుట్టూ రబ్బరు సీలు బిగిస్తారు. పంటికి ఆ సీలే చిగురు. చిగురు అంచుకూ పంటికీ మధ్య సన్నటి గాడి వుంటుంది. దాని అడుగున చిగుటి కణాలు పంటిని గట్టిగా పట్టుకుని వుంటాయి. పళ్ళ డాక్టరు మిల్లీమీటరు గీతలున్న సన్నటి పుల్లను ఆ గాడిలోకి దించి లోతు కొలుస్తాడు. ఆరోగ్యంగా వున్న చిగుటి దగ్గర అది 3 మిల్లీమీటర్లకు మించదు. 4, 5, 6 అని లెక్క పెరుగుతోందంటే సీలు పోతోందని అర్థం.

ముందు ప్రైమరు, తరవాత రంగు

ఆటోనగర్‌లో రంగులు వేసే షెడ్డుకి వెళ్దాం. నున్నటి రేకుమీద రంగు నేరుగా వేస్తే నిలవదు. ముందు ప్రైమరు కొట్టాలి. పంటి విషయంలో ఈ ప్రైమరు పని ఉమ్మి చేస్తుంది. మీరు పళ్ళు తోముకుని నోరు కడుక్కున్న కొద్ది నిమిషాలకే, ఉమ్మిలోని ప్రొటీన్లు పంటిమీద పలచటి పొరగా పరుచుకుంటాయి. అది మనకు మేలు చేసే పొరే. కాని బాక్టీరియాకు కూడా పట్టు దొరికేది దానిమీదే.

మనుషుల నోళ్ళలో 700 పైచిలుకు జాతుల బాక్టీరియా కనబడతాయి. వాటిలో చాలావరకు అమాయకులు. ప్రైమరు మీద మొదట వాలేవి ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ జాతులు. పూసల దండల్లా వుండే ఇవి గాలి వున్నా బతుకుతాయి. వీటి వెనక మరొకటి వస్తుంది. దాని పేరు ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటమ్. లాటిన్ భాషలో ఫ్యూసస్ అంటే కదురు. నిజంగానే ఇది నూలు వడికే కదురులా రెండు కొసలా సన్నగా, పొడుగ్గా వుంటుంది. దీనికి చేతులు ఎక్కువ! ముందొచ్చినవాళ్ళను ఒక చేత్తోనూ, వెనక వచ్చేవాళ్ళను ఇంకో చేత్తోనూ పట్టుకుంటుంది. బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి పరుగెత్తుకొచ్చే మిత్రుణ్ణి చెయ్యిచ్చి లాగే కుర్రవాడిలాంటిది.

అలా లాగబడి వచ్చే ఆఖరి ప్రయాణీకుడే మన కథలో ముఖ్యుడు: పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్. పేరు చూసి భయపడకండి. జింజివా అంటే లాటిన్‌లో చిగురు. ఈ పేరు మనకు మరీ పొడుగు కాబట్టి 'చిగుటి క్రిమి' అందాం. దీనికి గాలిలోని ఆక్సిజన్ పడదు. అంచేత ముందుగా రాలేదు. ముందొచ్చిన వాళ్ళు పొరలు పొరలుగా పేరుకుని, ఆక్సిజన్ వాడేసుకున్న తరవాత, గాడి అడుగున చీకట్లో దీనికి హాయిగా వుంటుంది.

ఈ పొరలన్నిటికీ కలిపి మన భాషలో ఎప్పటినుంచో మంచి పేరు వుంది: పాచి. దాన్ని తియ్యకుండా వదిలేస్తే ఉమ్మిలోని సున్నపు లవణాలు చేరి రాయిలా గట్టిపడుతుంది. దానికీ మనకు పేరుంది: గార. ఆ గరుకు మీద కొత్త పాచి మరింత సులువుగా నిలుస్తుంది.

తలుపు బద్దలుకొట్టని దొంగ

చిగుటి క్రిమి ఒంటినిండా సన్నటి పోగులు వుంటాయి. మామూలు మైక్రోస్కోపుకి కనబడవు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. వీటిని ఫింబ్రియే అంటారు. లాటిన్‌లో ఆ మాటకు కుచ్చులని అర్థం, చీరకొంగు చివర వేలాడే కుచ్చుల్లాగ. ఇవి రెండు రకాలు. పొట్టి కుచ్చులతో ఇది ముందు చెప్పిన స్ట్రెప్టోకాకస్‌లలో ఒకదాన్ని నేరుగా పట్టుకోగలదు. పొడుగు కుచ్చులు మన కణాల కోసం.

మన కణాల పైపొరలో ఇంటెగ్రిన్లనే ప్రొటీన్లు వుంటాయి. కణం తన చుట్టుప్రక్కల వాటిని పట్టుకుని నిలబడడానికి ఇవి కొక్కేల్లా పనిచేస్తాయి. అంతేకాదు. బయట ఏదైనా కొక్కేన్ని పట్టుకుంటే ఆ కబురు లోపలికి చేరుతుంది. గొళ్ళెమూ, కాలింగ్ బెల్లూ ఒకటే అయినట్టు! చిగుటి క్రిమి పొడుగు కుచ్చు సరిగ్గా ఈ కొక్కేన్నే పట్టుకుంటుంది. లోపల బెల్లు మోగుతుంది.

కణం లోపల ఆక్టిన్ అనే ప్రొటీను పోగులతో కట్టిన పరంజా ఒకటి వుంటుంది. ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజాలాగే దీన్నీ అవసరాన్నిబట్టి విప్పి మళ్ళీ కట్టుకోవచ్చు. బెల్లు మోగగానే కణం తన పరంజాను అక్కడ విప్పి, తిరిగి అమర్చుకుంటుంది. పైపొర వంగి, క్రిమిని చుట్టి, లోపలికి తీసేసుకుంటుంది. ప్రయోగశాలలో పెంచిన చిగుటి కణాలమీద ఈ క్రిమిని వదిలితే 20 నిమిషాలు తిరక్కుండానే లోపల చేరి, కణకేంద్రం చుట్టూ గుమిగూడడం శాస్త్రజ్ఞులు చూశారు. దొంగ తలుపు బద్దలుకొట్టలేదు. ఇంటివాళ్ళ చేతనే గొళ్ళెం తీయించాడు!

లోపలికి వెళ్ళినవాడు వెంటనే ఇల్లు కూల్చడు. మన కణాలకు ఒక మంచి గుణం వుంది. తమలో శత్రువు దూరాడని తెలిస్తే ఇరుగుపొరుగును కాపాడడానికి తమంతట తామే చనిపోగలవు. చిగుటి క్రిమి ఆ ఏర్పాటునే ఆపుచేయగలదు. కణం బతికి వుంటుంది, క్రిమి అందులో దాక్కుంటుంది. ఆక్టిన్ పోగుల సాయంతోనే ప్రక్క కణంలోకి కూడా పోగలదు, వీధిలోకి రాకుండా గోడ పక్కగోడ మీదుగా పోయినట్టు.

దీని దగ్గర ఇంకో ఆయుధం వుంది. జింజిపెయిన్లనే కత్తెరలు. ప్రొటీను గొలుసులో ఆర్జినిన్, లైసిన్ అనే రెండు రకాల పూసలు కనబడినచోట ఇవి కత్తిరిస్తాయి. కణాన్ని కణంతో కట్టివుంచే పట్టీలు తెగుతాయి. మన రక్షణ ప్రొటీన్లూ తెగుతాయి. నెత్తుటిలోని హీమోగ్లోబిన్ కూడా తెగుతుంది. ఎందుకో తెలుసా? ఇనుము కోసం!

విశాఖ ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం బైలడిల్లా కొండలనుంచి రైళ్ళలో వస్తుంది. ఈ క్రిమికి కూడా ఇనుము లేనిదే గడవదు. అది దొరికే గని మన నెత్తురు. హీమోగ్లోబిన్‌లో వున్న హీమ్ అనే ఇనుప ముక్కను లాగి తన ఒంటిమీద నిలవ చేసుకుంటుంది. అందుకే ప్రయోగశాలలో నెత్తురు కలిపిన ఆహారం మీద పెంచితే దీని గుంపులు నల్లగా, కొలిమి మసిలా తయారవుతాయి. ఇది చక్కెర మీద బతికే జీవి కాదు, ప్రొటీను ముక్కలమీద బతికేది. అంటే మీ చిగుళ్ళు రోజూ కారుతున్నాయంటే మీరు దానికి రోజూ క్యారేజీ పంపిస్తున్నారన్నమాట.

ఎముకను కరిగించేదెవరు?

ఇక్కడొక వింత వుంది. పన్ను కదలడానికి కారణం క్రిమి ఎముకను కొరుక్కు తినడం కాదు. క్రిములను తరమడానికి మన తెల్లకణాలు గుంపులుగా చిగుటిలోకి వస్తాయి. చిగురు ఎర్రబడి, ఉబ్బి, తాకితే నెత్తురు చిమ్ముతుంది. యుద్ధం రోజుల తరబడి ముగియకపోతే మన సైన్యం వదిలిన రసాయనాలే పంటిని ఎముకకు కట్టివుంచే తాళ్ళను తెంపుతాయి. ఎముకను కరిగించే మన సొంత కణాలే మేలుకుంటాయి. కొండచరియ విరిగినట్టు ఎముక అంచు కిందకి దిగిపోతుంది. పోయిన ఎముక మామూలుగా తిరిగి రాదు.

చిగుళ్ళు వాచిన ప్రతివారికీ పళ్ళు ఊడతాయని నేననడం లేదు. శ్రీలంక తేయాకు తోటల్లో పళ్ళు తోమే అలవాటే లేని 480 మంది కూలీలను 1970 నుంచి 15 ఏళ్ళపాటు గమనించారు. వారిలో సుమారు 8 శాతం మందికి వ్యాధి చాలా వేగంగా ముదిరింది. 81 శాతం మందికి మెల్లగా ముదిరింది. 11 శాతం మందికి చిగుటి వాపు దగ్గరే ఆగిపోయింది. మీరు ఆ 11 శాతంలో వుంటారని పందెం కాస్తారా? కాయగలరు. కాని ఆటోనగర్ మేస్త్రీ అలాంటి పందెం కాయడు.

తుప్పుమీద రంగు వేస్తామా?

సముద్రపుగాలి తగిలే విశాఖలో ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో మీకు తెలుసు. తుప్పుపట్టిన లారీ తలుపు తెచ్చి, "పైన నాలుగు పూతలు మంచి రంగు వెయ్యి" అంటే మేస్త్రీ ఒప్పుకుంటాడా? ముందు వైరు బ్రష్షుతో గీకి, గరుకు కాగితంతో రుద్ది, అప్పుడు రంగు డబ్బా మూత తీస్తాడు. తుప్పుమీద రంగు వేస్తే కంటికి ఇంపుగానే వుంటుంది, లోపల మాత్రం తుప్పు తన పని మానదు.

నోరు పుక్కిలించే మందు సీసా పాచిమీద రంగు వంటిది. ఈ సంగతిని మొదట గమనించినవాడు మైక్రోస్కోపుతో బాక్టీరియాను మొదట చూసినవాడే! హాలెండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ 1683లో తన పళ్ళ సందుల్లోని పాచి తీసి, తాను చేసుకున్న కటకం కింద పెట్టి చూసి, అందులో జీవాలు కదులుతున్నాయని లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. తరవాత వినెగర్‌తో ప్రయోగం చేశాడు. పాచిని నోట్లోంచి తీసి వినెగర్‌లో కలిపితే జీవాలు చచ్చాయి. కాని వినెగర్‌తో నోరు పుక్కిలించి ఆ తరవాత పాచి తీసి చూస్తే లోపలి జీవాలు బతికే వున్నాయి. ఆ ద్రవం పైపైనున్న వాటినే చంపుతోంది, పాచి లోపలికి ఇంకడం లేదని ఆయన గ్రహించాడు. మూడు శతాబ్దాలు దాటాయి. మనం మాత్రం సీసామీద '99 శాతం క్రిములు నాశనం' అని చూస్తే ఇంకా నమ్ముతున్నాం. ఏ క్రిములు? ద్రవంలో తేలేవా, పాచిలో అతుక్కున్నవా? ఈ ప్రశ్న వేసుకోవడమే విజ్ఞానం.

గీకడం నిజంగా పనిచేస్తుందా? దానికీ ప్రయోగం వుంది. 1965లో డెన్మార్కులోని ఆర్హుస్‌లో హెరాల్డ్ లో అనే పళ్ళ డాక్టరు, ఆయన సహచరులు ఆరోగ్యవంతులైన 12 మందిని పళ్ళు తోముకోవడం మానమన్నారు. మూడు వారాలు తిరిగేలోగా అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టగానే సుమారు వారం రోజుల్లో చిగుళ్ళు మామూలయ్యాయి. ఏ మందూ లేదు. వాపు వరకే వచ్చిన వ్యాధి పూర్తిగా వెనక్కి తగ్గుతుందని ఈ ప్రయోగం చెబుతోంది. నెత్తురు చుక్క కనబడిన రోజే ఆగితే ఇంజను దాకా పోనక్కరలేదు.

మరి మందులు లేవా?

"ఇంత గొడవ ఎందుకు? ఆంటీబయాటిక్ మింగితే పోదా?" అని మీరడగవచ్చు.

మంచి ప్రశ్న. దీని జవాబులో మన తెలుగువాడు ఒకాయన వున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి నాయకత్వం వహించాడు. ఆయన అక్కడ వున్న కాలంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టాడు. అది 1948లో లోకానికి వెల్లడయింది. సుబ్బారావు కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అదే. ఆ కుటుంబంలోని మందులను చిగుళ్ళ వ్యాధికి కూడా వాడుతున్నారు.

ఎలా వాడుతున్నారో చూడండి. డాక్టరు ముందు పాచినీ గారనూ గీకి తీసేస్తాడు. అవసరమైన కొందరికే మందు ఇస్తాడు, అదీ గీకడానికి తోడుగా. పాచి పొరల్లో ఇరుక్కున్న క్రిమికి మందు సరిగా అందదు. కణం లోపల దాక్కున్నదానికి అందడం ఇంకా కష్టం. విచిత్రమేమంటే, అదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్‌ను 20 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో ఇస్తే అది క్రిములను చంపదు. ఇందాక చెప్పిన తాళ్ళను తెంపే మన సొంత ఎంజైములను అదుపులో పెడుతుంది. ఈ వాడకానికి అమెరికా 1998లో అనుమతి ఇచ్చింది. సొంతంగా దుకాణంలో కొని మింగితే పాచి చెక్కుచెదరదు. ఒంట్లోని మిగిలిన బాక్టీరియా మాత్రం ఆ మందుకు లొంగకుండా బతకడం నేర్చుకుంటాయి.

"గీకిస్తే పళ్ళు వదులవుతాయట కదా" అని మీ ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. గార తీసేశాక పన్ను కాస్త కదిలినట్టు అనిపించడం నిజమే. ఎముక అంతకుముందే పోయింది, ఇన్నాళ్ళూ రాయిలాంటి గార పళ్ళను ఒకదానికొకటి అతికి నిలబెట్టింది. తుప్పు గీకితే రేకుకి చిల్లు బయటపడింది. చిల్లు చేసింది వైరు బ్రష్షా, తుప్పా?

నెత్తురు కనబడనివ్వని పొగ

విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల్లో ఒక పాత అలవాటు వుంది: అడ్డచుట్ట. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. ముఖ్యంగా ఆడవాళ్ళలో ఈ అలవాటు వుండేది. మన రాష్ట్రంలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, ఈ అలవాటువల్ల అంగిలికి కలిగే హానిని గురించి 1971లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రపంచమంతటా పేరుపొందింది. ఆ పరిశోధన అంగిలి గురించి. కాని పొగాకు అంగిలితో ఆగిపోదు.

పొగ తాగేవారిలో చిగుళ్ళ వ్యాధి ఎక్కువగా వుంటుంది, వేగంగా ముదురుతుంది. అయినా నెత్తురు తక్కువగా కనబడుతుంది! పొగాకు చిగుటిలోని రక్తనాళాల పనిని అణచివేయడమే కారణం. దీపం ఆరిపోయిన డాష్‌బోర్డు ఎంత ప్రమాదమో ఇదీ అంతే. ఆయిలు తగ్గుతోంది, కాని ఎర్రదీపం వెలగదు. పైగా పొగ సారం కలిపిన ద్రవంలో పెంచితే చిగుటి క్రిమి పొడుగు కుచ్చుల ప్రొటీనును మరింతగా తయారు చేస్తుందని ప్రయోగాల్లో తేలింది. అంటే పట్టుకునే చేతులకు బలం మనమే ఇస్తున్నామన్నమాట. పొగలేని ఖైనీ కూడా మంచిదేం కాదు. దవడలో పెట్టుకున్నచోట చిగురు కిందకి జారి, పంటి వేరు బయటపడుతుంది.

అతిశయోక్తి వద్దు

"పన్నే కదా, పీకించేసుకుంటే పోలే" అనేవాళ్ళున్నారు. వాళ్ళను భయపెట్టడానికి లేనిపోని కథలు చెప్పనక్కరలేదు. 2019లో మతిమరుపు జబ్బు వున్నవారి మెదడులో చిగుటి క్రిమి ఆనవాళ్ళు కనబడ్డాయని ఒక పరిశోధన వెలువడింది. వెంటనే 'చిగుళ్ళవల్ల మతి పోతుంది' అని ప్రచారం బయలుదేరింది. ఆ క్రిమి కత్తెరలను ఆపే మందును రోగులకు ఇచ్చి చూస్తే, 2021లో వచ్చిన ఫలితం ఆశించినట్టు లేదు. ఒకచోట ఆనవాలు దొరికినంతమాత్రాన నేరం రుజువు కాదు.

రుజువైనదే మనకు చాలు. ముదిరిన చిగుళ్ళ వ్యాధి ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా వుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మధుమేహం వున్నవారికి చిగుళ్ళ వ్యాధి ముదురుతుంది. చిగుళ్ళ వ్యాధి ముదిరితే మధుమేహం అదుపు తప్పుతుంది. ఒకదాన్నొకటి తోసుకునే గానుగెద్దుల జత ఇది.

ఇంతకీ ఏం చేయాలి?

మీ వయసులో, అంటే పన్నెండు పదమూడేళ్ళ నుంచీ, ఒంట్లో జరిగే మార్పులవల్ల చిగుళ్ళు కొద్ది పాచికే ఎక్కువగా వాస్తాయి. అంచేత ఈ సలహా మీకే ముందు. మెత్తటి బ్రష్షు తీసుకోండి. కుచ్చు కొసలు పంటిమీద కాదు, పన్నూ చిగురూ కలిసే అంచుమీద ఏటవాలుగా ఆనించి మెల్లగా ఆడించండి. రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ రెండు నిమిషాలు. ఒకటి రాత్రి పడుకోబోయే ముందు. వేపపుల్ల వాడేవారు కొసను కుంచెలా నమిలి మెత్తగా వాడవచ్చు. బొగ్గూ, ఇటుకపొడీ వద్దు, అవి పంటినే అరగదీస్తాయి. రెండు వారాలు శ్రద్ధగా తోమినా నెత్తురు ఆగకపోతే పళ్ళ డాక్టరుకి చూపించండి. జ్వరంతోబాటు చిగుళ్ళనుంచి నెత్తురు వచ్చినా, ఒంటిమీద నల్లమచ్చలు కనబడినా అది వేరే జబ్బు కావచ్చు. ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

ఇది మీ ఇంటి పని. ఊరి పని కూడా ఒకటుంది. బడిలో ఆరోగ్య పరీక్షలు జరిగినప్పుడు పుచ్చుపళ్ళు లెక్కపెట్టి వదిలేయకూడదు, చిగుటి గాడి లోతు కూడా చూడాలి. ఆటోనగర్ వంటి చోట్ల వేలాదిమంది పనివాళ్ళు ఒక్కచోట చేరతారు. కళ్ళ పరీక్షల శిబిరం పెట్టినట్టే చిగుళ్ళ పరీక్షా పెట్టాలి. ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఒక దీపం, ఒక అద్దం, గీతలున్న ఒక పుల్ల, చూడడం తెలిసిన ఒక మనిషి చాలు. పన్ను కదిలాక కట్టుడుపళ్ళకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది ఎంత?

రేపు ఉదయం ఒక చిన్న పని చేయండి. తోముకున్నాక ఉమ్మేముందు నురగ రంగు చూడండి. ఎర్రగా వుంటే బ్రష్షు పారేయకండి, భయపడకండి, ఆ చోటు గుర్తుపెట్టుకోండి. తరవాత మీ ఇంట్లో పెద్దవాళ్ళను కూడా అడగండి, "మీకు నెత్తురు వస్తోందా?" అని. "ఎప్పటినుంచో వస్తోందిలే, అదేం కాదు" అంటారు.

అప్పుడు వాళ్ళను అడగండి, బండి కింద రోజూ నూనె చుక్క కనబడితే అదేం కాదంటారా అని.